టీవీ పుల్ల ధర కాదు, అది తాగే నెట్ ఎంతో అడగండి



సంక్రాంతికి పిల్లలు వచ్చి వెళ్లాక ఈసారి మన ఊళ్లల్లో చాలా ఇళ్లల్లో టీవీ వెనక ఒక నల్ల పుల్ల వేలాడతంది. దాన్నే టీవీ స్టిక్ అంటన్నారు. మా ఇంట్లో కూడా ఇరవై రోజుల నుంచి ఉంది. "బాబాయ్, కొనొచ్చా, దండగా?" అని నలుగురైదుగురు అడిగారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తన్నా. నా మాట ముందే చెప్పేస్తా. వస్తువు మంచిదే. కానీ పంట డబ్బులు పడే బ్యాంకు ఖాతాని మాత్రం దానికి తగిలించొద్దు.

విజయవాడ ఆటోనగర్‌కి పాత ఇంజను కోసం వెళ్తే మనం ధర ఒక్కటే అడిగి ఊరుకుంటామా? మన బండికి పడుద్దా, గంటకి ఎంత డీజిలు తాగుద్ది, సామాను దొరుకుద్దా, అన్నీ అడుగుతాం. ఈ పుల్లని కూడా అట్టాగే అడగాలి.

మొదటిది, మన టీవీకి పడుద్దా? టీవీ వెనకో పక్కనో హెచ్‌డీఎంఐ అని రాసి ఉన్న బెజ్జం ఉండాలి. వెనక బుర్ర ఉన్న పాత డబ్బా టీవీలకి సాధారణంగా అది ఉండదు. ఈమధ్య కొన్న స్మార్ట్ టీవీ అయితే ఈ పుల్ల చేసే పని చాలావరకు టీవీలోనే ఉంటది, మళ్లీ మూడు నాలుగు వేలు పెట్టాల్సిన పని లేదు. పుల్లకి కరెంటు దాంతో ఇచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ బెజ్జం నుంచి ఇస్తే కొన్ని టీవీల్లో చాలక, బొమ్మ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుద్ది.

రెండోది, ఎంత తాగుద్ది? ఇక్కడే చాలామంది దెబ్బ తింటన్నారు. మామూలు బొమ్మకి గంటకి సుమారు 1 జీబీ, బాగా స్పష్టంగా ఉండే హెచ్‌డీ బొమ్మకి గంటకి సుమారు 3 జీబీ అయిద్ది. సెల్‌లో రోజుకి 1.5 జీబీ ప్యాక్ వేసుకుని, దాని హాట్‌స్పాట్ మీద టీవీ చూద్దామంటే హెచ్‌డీలో అరగంటకే ఖాళీ. రోజుకి రెండు గంటలు చూసే ఇంటికి నెలకి 180 జీబీ కావాలి. ఇంటికి తీగ మీద నెట్ ఉంటేనే ఇది కొనండి. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగబట్టే పల్లెలకి తొందరగా వచ్చింది. అదో, ఇంకో కంపెనీదో ఉంటే సరే. లేకపోతే డిష్షే మేలు.

ఇక బాగున్న సంగతులు. సెల్‌లో పురుగు బొమ్మ చూడాలంటే నా కళ్లకి ఆనదు. టీవీలో అయితే ఆకు మీద మచ్చ కూడా తెలుస్తంది. నేనూ, మా ఇంటావిడా, పక్క చేను తమ్ముడూ కూర్చుని చూసి అక్కడే వాదించుకుంటన్నాం. పొద్దున పాలు పితికే వేళ వచ్చే వ్యవసాయ కార్యక్రమం తప్పిపోతే అప్పట్లో పోయినట్టే. ఇప్పుడు యూట్యూబులో ఉన్నవాటిని రాత్రి అన్నం తిన్నాక చూసుకోవచ్చు, అర్థంకాని చోట ఆపి మళ్లీ వెనక్కి తిప్పుకోవచ్చు. రిమోట్ మైకు నొక్కి "మినుములో పల్లాకు తెగులు" అంటే మూడుసార్లలో రెండుసార్లు సరిగానే పట్టుకుంటంది.

అయితే టీవీ పెద్దదైనంత మాత్రాన చెప్పేవాడు పెద్దవాడు కాదు. మన డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే మినుములు చల్లుతాం. దుక్కి ఉండదు. మెట్ట ప్రాంతం వాళ్ల వీడియోలో దుక్కి దున్ని, గొర్రుతో వేసిన మినుముకి చెప్పిన కలుపు మందు లెక్క మన చేలో పనికిరాదు. మందు డబ్బా చేత్తో పట్టుకుని చూపించే వీడియో అయితే ఇంకా జాగ్రత్త. ఊళ్లో వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేయండి. ఆ ఫోనుకి డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు అసలు సంగతి. మన ఆదాయం పంటకి పంటకి వస్తది. దీని బాడుగ నెలనెలా పోద్ది. కేబుల్ కుర్రాడు ఇంటికొస్తే "ధాన్యం డబ్బులు పడ్డాక ఇస్తాలే అబ్బాయ్" అంటాం, సరే బాబాయ్ అని వెళ్తాడు. ఈ పుల్లకి ఆ మాట తెలియదు. నారు పోసే నెలైనా, ఎరువుకి చేబదులు తెచ్చిన నెలైనా, తేదీ వచ్చిందంటే ఖాతాలో నుంచి లాగేసుకుంటది. "మొదటి నెల ఉచితం" అన్నవాటిల్లో చాలావరకు ముందే ఆటోపే ఒప్పించుకుంటాయి. క్రికెట్టుకి ఒకటి, కొత్త సినిమాలకి ఒకటి, సీరియళ్లకి ఒకటి కలిసి నెలకి 500 అనుకోండి. ఏడాదికి 6,000. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటాకి 2,369, అంటే 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. మూడు బస్తాలు దాటి పుల్లలోకి పోయినట్టు. కౌలు రైతుకి ఆ మూడు బస్తాలు ఎంతో మీకు నేను చెప్పాలా?

రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి అమలు చేసిన నిబంధన ప్రకారం, కార్డు మీదో యూపీఐ మీదో ఇట్లా తనంతట తాను కోసే డబ్బుకి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ మన ఫోనుకి వస్తది గానీ, ఇంగ్లీషులో ఉందని వదిలేస్తన్నాం. ఎవరిచేతైనా చదివించుకోండి. వద్దనుకుంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిల్లో ఆటోపే అన్న చోటకి వెళ్లి రద్దు చేసుకోవచ్చు. టీవీలో నుంచి యాప్ తీసేస్తే డబ్బు కోత ఆగదు, ఈ తేడా గుర్తుంచుకోండి.

నేను చెప్పేది ఇంతే. పుల్లకి వేరే చిన్న ఖాతా పెట్టండి, అందులో ఆ నెలకి సరిపడా వేయండి. ఒకసారికి ఒకే యాప్. ధాన్యం అమ్మిన నెలలో వేసుకోండి, పెట్టుబడి నెలల్లో ఆపేయండి. అప్పుడు యూట్యూబు చాలు. పిల్లలు కోప్పడితే, రీఛార్జి వాళ్లనే చేయమనండి.

ఇంకొకటి. డిష్షు పీకేయకండి, బ్యాటరీ రేడియో అటక మీద పడేయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటూ, ఫోన్లూ లేక జనం ఎంత అల్లాడారో చూశాం. తుపాను రాత్రి స్తంభం ఒరిగితే ఈ పుల్ల ఏమీ చెప్పదు.