ఫిలిప్పీన్స్‌లో ఇంటర్న్‌షిప్: తల్లిదండ్రులు అడగని ప్రశ్న

డాక్టరు చదువుకు పిల్లలను ఫిలిప్పీన్స్ పంపాలనుకునే తల్లిదండ్రులు సలహా కోసం మా దగ్గరకు వస్తుంటారు. ఫీజు ఎంత, హాస్టల్లో మన భోజనం దొరుకుతుందా, ఆడపిల్లకు భద్రత ఉంటుందా అని అడుగుతారు. ఏజెంట్లు చెప్పేదీ వీటి గురించే. ఆసుపత్రిలో చేయవలసిన ఇంటర్న్‌షిప్ గురించి మాత్రం ఎవరూ అడగరు. మా ఉద్దేశంలో ముందు అడగవలసింది అదే.

జాతీయ వైద్య కమిషన్ నియమాల ప్రకారం, 2021 నవంబరు 18 తర్వాత విదేశంలో చేరినవారు 54 నెలలకు తగ్గని కోర్సు చదివి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా చేయాలి. తిరిగి వచ్చాక 300 మార్కుల ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్షలో 150 తెచ్చుకుని, ఇక్కడ మరో 12 నెలలు చేయాలి. 'ఇంటర్న్‌షిప్ ఇంటికొచ్చి చేస్తాడులే' అంటే కుదరదు.

అక్కడ పాఠాలు ఇంగ్లీషులోనే. కాని మంచం మీది పెద్దామె ఇంగ్లీషులో మూలగదు కదా! మనీలాలో టగాలోగ్ మాట్లాడతారు. "సాన్ పో మసకిత్?" అంటే "నొప్పి ఎక్కడండీ?" అని. ఆ 'పో' మన 'అండీ' లాంటిది. మన పిల్లలు ఎక్కువగా చేరే దవావోలో బిసాయా భాష. అందులో ఆ 'పో' లేదు, 'ఎక్కడ' అనే మాట కూడా వేరు. రెండు చోట్లా వయసు మళ్ళిన రోగిని 'నానాయ్', 'తాతాయ్' అని పిలిస్తే సంతోషిస్తారు. (తాతాయ్ అంటే తాత కాదు, తండ్రి!) రోగి వెంట ఉండే మనిషిని 'బంతాయ్' అంటారు. మందులు తెచ్చేది, రాత్రి మేలుకునేది ఆయనే. ఆయనతో మాట కలిపిన ఇంటర్న్‌కు రోగి సంగతి సగం తెలిసినట్టే.

ఇది మా జీడిమెట్లకు కొత్త కాదు. పారిశ్రామికవాడకు పనికి వచ్చిన ఒడిశా, బీహారు వారితో మాట్లాడడానికి మా సిస్టర్లు కావలసిన నాలుగు మాటలు నేర్చుకున్నారు. కేరళ సిస్టర్లు తెలుగు నేర్చుకున్నది ఈ వార్డుల్లోనే.

భోజనానికి బెంగ వద్దు, అక్కడా మూడు పూటలా అన్నమే. వానలతోనే జాగ్రత్త. జూన్ నుండి నవంబరు వరకు తుఫానులు ఎక్కువ. మనీలాలో వరద నీటిలో నడిచి డ్యూటీకి వెళ్ళవలసి రావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. కాలికి గాయం ఉంటే మరీ ప్రమాదం. పెట్టెలో రబ్బరు బూట్లు పెట్టండి. నీటిలో తడిస్తే అక్కడి డాక్టరును అడిగి నివారణ మాత్రలు వేసుకోమనండి.

మరొక మనవి. ఇక్కడ రాత్రి 9.30 అయితే అక్కడ 12. భోజనాలయ్యాక ఫోను చేసి, నైట్ డ్యూటీ చేసి పడుకున్న బిడ్డను లేపకండి.

వెళ్ళబోయే పిల్లలను సెలవుల్లో ఒక వారం మా జనరల్ వార్డుకు పంపండి. మందులు, సూదులు ముట్టుకోనవసరం లేదు. రోగుల దగ్గర కూర్చుని వారు చెప్పేది వింటే చాలు. ఉదయం 8 గంటలకు సిస్టర్ల గది దగ్గర అడగండి.