చెట్టూ కాదు, జంతువూ కాదు

నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. మొన్న జనగామలో మా అమ్మాయి సీసాడు చెరువునీళ్లు పట్టుకొచ్చి, “నాన్నా, ఇందులో ఏమున్నాయి?” అంది. “నీళ్లు” అన్నాను. మా కాలేజీ సూక్ష్మదర్శినిలో ఒక్క బొట్టు పెట్టి చూపించింది. నా జవాబు తప్పు!

బొట్టు నిండా సంచారమే. వీటిని ప్రోటిస్టులంటారు. చాలావరకు ఏకకణజీవులు. కణంలో కేంద్రకం ఉంటుంది గనుక బాక్టీరియా కావు. చెట్లలోనూ జంతువుల్లోనూ చేరవు. 1866లో హెకెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వీటికి వేరే రాజ్యమే ఇచ్చాడు. ఇవన్నీ ఒకే వంశానివి కావని ఇప్పుడు తేలినా, చదువుకునే వీలుకోసం మూడు జట్లుగా చెబుతారు.

మొదటి జట్టు మొక్కలవంటివి. గాజుపెంకులాంటి కవచం తొడుక్కున్న డయాటములు ఎండతో ఆహారం వండుకుంటాయి. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువులో చేపలు పెరుగుతున్నాయంటే, మూలాన ఇలాంటి వంటవాళ్లే ఉన్నారు. యూగ్లీనా మరీ గడుసుది: వెలుగుంటే వండుకుంటుంది, చీకటైతే దొరికింది తింటుంది. తత్సమమో తద్భవమో తేలని మాటలాంటిది!

రెండవ జట్టు బూజులవంటివి. వానాకాలం కుళ్లిన కట్టెలమీద బంకలా పాకేవి వీటిలోవే.

మూడవ జట్టు జంతువులవంటివి. అమీబా ఒళ్లు సాచి పాకుతుంది. పారమీసియం ఒంటిమీది నూగు ఆడిస్తూ ఈదుతుంది. అమీబా జాతివాటిలోనే ఒకటి మన పేగుల్లో చేరి జిగటవిరేచనాలు తెస్తుంది. ఈ జట్టులోని ప్లాస్మోడియందే మలేరియా.

ఆ పేరు వినగానే నాకు భూపాలపల్లి దగ్గరి మా మేనత్త ఊరు గుర్తొచ్చింది. నా చిన్నతనంలో బావకు చలిజ్వరం వస్తే, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. వారం తిరక్కుండా పోయాడు. దోమ కడుపులో ఆ జ్వరపుజీవిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. 1902లో నోబెల్ బహుమతీ వచ్చింది. ఆ కబురు మాత్రం మా మేనత్త గడపదాకా రాలేదు.

“అయితే ఈ నీళ్లు పారబోయనా?” అంది అమ్మాయి.

“చెరువులోనే పోసిరా తల్లీ. వచ్చి మన తొట్టిమీద మూత పెట్టు. తాగేనీళ్లు కాచమని అమ్మతో చెప్పు” అన్నాను.

ఆ రాత్రి దోమతెర నేనే కట్టాను.