నక్షత్ర సామ్రాజ్యమున దుబాసీ

మన సంఘముల వార్షికోత్సవములలో ఒక ఫిర్యాదు తప్పక వినవచ్చుచుండును. పిల్లలు పద్యము చదువరు, హరికథ వినరు, ఎంతసేపును ఆ నక్షత్రయుద్ధముల చిత్రములకు కన్నులప్పగించి కూర్చుందురని పెద్దలు వగతురు. ఆ చిత్రములు మనవి కావు, వానివలననే తెలుగు చెడుచున్నదని వారి వాదము. అవి స్వాతంత్ర్యగాథలు గదా, సామ్రాజ్యముపై తిరుగుబాటును మెచ్చుకొన్న తప్పేమని పిల్లల వాదము. ఈ రెండు వాదములును నాకు సమ్మతములు కావు. పెద్దలు చూడకయే నిందించుచున్నారు. పిల్లలు చూచుచున్నారు గాని వినుట లేదు.

1977 మే 25వ తేదీన అమెరికాలో విడుదలయిన ‘స్టార్ వార్స్’ చిత్రమునే తీసికొందము. నక్షత్రలోకముల నేలు సామ్రాజ్యము, గ్రహమునకు గ్రహమునే పేల్చివేయగల యుద్ధగోళము, ఎడారిలో రైతు ఇంట పెరిగిన ల్యూక్ అను కుఱ్ఱవాడు, చెరబడిన రాకుమారి లెయా, తుదకు ఆ గోళము కూలుట: కథ ఇంతియే. కథతో నాకు పేచీ లేదు. నా పేచీ భాషతో.

ఆ ఎడారి రైతునకును సామ్రాజ్య సేనానికిని ఒకటే భాష. భేదమంతయు యాసలో. సేనానులలో పెక్కుమంది ఇంగ్లండు ఉచ్చారణతోను, తిరుగుబాటుదారులు చాలవరకు అమెరికా ఉచ్చారణతోను మాట్లాడుదురు. సామ్రాజ్యము రాకపూర్వము ఆ ఎడారిలో అవ్వలు మనుమలకు ఏ భాషలో కథలు చెప్పుకొనిరో అడిగినవాడు లేడు. సామ్రాజ్యముయొక్క నౌకలను కాల్చుటకు బయలుదేరిన వీరులు ఆజ్ఞలిచ్చుకొనునది మాత్రము సామ్రాజ్యపు మాటతోనే.

బహుభాషావేత్త ఒకడు లేకపోలేదు. వాడు సీ-త్రీ-పీ-ఓ అను బంగారురంగు యంత్రపురుషుడు. అరువది లక్షలకు మించిన భాషణరీతులు వచ్చునని వాడే చెప్పుకొనును. అంతటి పండితుని ఎడారిలో రైతునకు అమ్మివేయుదురు. కొనువాడు వానిని అడుగునది గాలినుండి నీరు తీయు యంత్రముల భాష వచ్చునా యని! పానశాలలోనికి పోబోయిన ఇట్టివారికిచట చోటు లేదని యజమాని గెంటివేయును. కుంఫిణీ కాలమున ఇట్టివారిని దుబాసీలనెడివారు. మనము హోసూరులో ఇంట తెలుగు, సంతలో తమిళము, బండిలో కన్నడము, కచేరిలో ఇంగ్లీషు మాట్లాడి, నాలుగు భాషలు వచ్చునని మీసము దువ్వుకొందుము. సోలాపురపు నేతగాడును, బరంపురపు వర్తకుడును అట్లే మరాఠీని, ఒడియాను చేర్చి లెక్క చెప్పుదురు. ఇతరుల పనికై నేర్చిన భాషల లెక్క బాగుగనే యున్నది. ఆ లెక్కలో మన పిల్లవాడు తన సొంత ఊహను చెప్పుకొను భాష ఏదో నాకు కనబడుట లేదు.

హాన్ సోలో మిత్రుడు చ్యూబాకా కథ ఇంకను విచిత్రము. వాడు ఆ భాష మాట్లాడడు. వాని పలుకు హాన్‌కు తెలియును, మనకు తెలుపరు. ఓడ నడపుటలోను ఆపదలోను వాడు ఎవనికిని తీసిపోడు. చివరి సభలో పతకములు ల్యూక్‌నకు, హాన్‌కు దక్కినవి. చ్యూబాకా ప్రక్కన నిలిచి ఒక గర్జన చేసి యూరకుండవలసి వచ్చినది. 2019లో వచ్చిన చిత్రమున గాని వాని చేతికి పతకము రాలేదు, అనగా 42 సంవత్సరములకు. దీనిని యాదృచ్ఛికమని తోసివేయువారు తోసివేయవచ్చును. నేను తోసివేయను.

ఇక చిత్రములో చెవికి వింతగా తోచు భాష ఒకటి కలదు. పానశాలలో హాన్‌ను బెదిరింపవచ్చిన కిరాయి వేటగాడు గ్రీడో మాటలవి. శబ్దకారుడు బెన్ బర్ట్ వానిని దక్షిణ అమెరికాలోని కెచువా భాష ధ్వనులనుండి అల్లెను. కెచువా ఎవరిది? ఇంకా రాజ్యమువారిది. ఆ రాజ్యము 1532 తరువాత స్పెయిను పాలయ్యెను. 1780లో రెండవ తూపాక్ అమారు స్పెయినుపై లేచెను. ఇది చలనచిత్రపు తిరుగుబాటు కాదు. 1781లో అతనిని కూస్కో నగరపు నడివీధిలో చంపిరి. అంతటితో పాలకుల కోపము చల్లారలేదు. ఇంకాల వేషములను, నాటకములను నిషేధించిరి. జనులు కెచువాను విడిచి స్పానిషు నేర్చుకొనవలెనని శాసించిరి. తిరుగుబాటు వేరు ఎక్కడ నున్నదో ఆ శాసనకర్తలకు లూకాస్ కన్న బాగుగా తెలియును! ఆ భాషకు పెరూ దేశమున అధికారభాషా గౌరవము 1975లో లభించినది. రెండేండ్లకు మన చిత్రమున దాని ధ్వనులు బల్లకడ కూర్చుండి తుపాకిదెబ్బ తిని చచ్చువానికి దక్కినవి.

ఇట్లని ఆ చిత్రములను బహిష్కరింపుమని పెద్దలతో గొంతు కలుపువాడను కాను. అమెరికాలోని నవాహోలు ఏమి చేసిరో చూడుడు. వారి పిల్లలను వసతిపాఠశాలలలో చేర్చి, సొంత భాష మాట్లాడినందుకు శిక్షించిన ప్రభుత్వమే, రెండవ ప్రపంచయుద్ధమున శత్రువునకు అంతుపట్టని రహస్యవార్తలు పంపుటకు అదే భాషను వాడుకొనెను. యుద్ధము గెలిచినది, భాష మాత్రము ఇంటింట సన్నగిల్లుచు వచ్చినది. అప్పుడు నవాహో వస్తుప్రదర్శనశాలవారు హక్కుదారుల సమ్మతి పొంది, ఈ 1977 నాటి చిత్రమునే తమ భాషలోనికి మార్చుకొని, తమవారి గొంతులతో పలికించి, 2013 జులైలో తమ రాజధాని విండో రాక్‌లో ప్రదర్శించిరి. 2016లో పిల్లల చేపకథ ‘ఫైండింగ్ నెమో’ను సైతము అట్లే చేసిరి. 2024లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒజిబ్వే భాషలో అదే నక్షత్రగాథ వినబడినది. లెయా రాకుమారి తమ అవ్వ పలికిన మాటలే పలికినది.

విదేశచిత్రములు తెలుగులోనికి వచ్చుచునే యున్నవి గదా యని అడుగుదురేమో. వచ్చుచున్నవి. అవి వర్తకులు అమ్ముటకై చేయించునవి. అందు మన పిల్లవాడు శ్రోత మాత్రుడు. నవాహో పిల్లవాని గొంతు అందులో నున్నది.

పెద్దల ఆక్షేపణము ఇంకొకటి ఊహింపగలను: మన తెలుగు శుద్ధము కాదు, ఆంధ్రలో విన్నవారు నవ్వుదురు. ఇదియే అసలు రోగము. బంధువుల పెండ్లికి కోస్తాకు పోయిన హోసూరు బాలిక ఒక మాటాడగనే ముసిముసినవ్వులు మొదలగును. మఱునాటినుండి ఆమె తమిళములోనో ఇంగ్లీషులోనో బదులు చెప్పును. మన నాటకములో ల్యూక్ ఏ యాస మాటాడవలెనో దీనినిబట్టియే తేలినది. వాడు హోసూరు కుఱ్ఱవాడు, బళ్లారి కుఱ్ఱవాడు, సోలాపురపు మగ్గము ప్రక్క పుట్టినవాడు. సేనానులకు పత్రికల తెలుగు, పుస్తకముల తెలుగు ఇచ్చివేయవచ్చును. (ఈ వ్యాసపు భాష సేనానుల పక్షమున చేరునని నేనెఱుగుదును.)

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధింప తగిన వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆ హక్కుకై అర్జీలు పెట్టుట మానరాదు. కాని అర్జీని పెద్దలు వ్రాయుదురు. బడిలో తెలుగు పీరియడు వచ్చినను ఆడుకొనుటకు తెలుగులో ఏమియు లేనిచో పిల్లవాడు ఆ పీరియడు ముగియగనే తెలుగును పలకతో పాటు సంచిలో వేసికొనును. ఒక్క సంవత్సరము మన సంఘములు శాలువల ఖర్చులో సగము తీసి, పిల్లలచేత వారి యాసలోనే ఒక నక్షత్రనాటకము వ్రాయించి పలికింపనిండు. లూకాస్ కథయే అక్కరలేదు, అనుమతుల బెడదయు ఉండదు. ఎడారికి బదులు రాయకోటకొండల నడుమ మామిడితోపు చాలును. దుబాసీ పాత్రకు మాత్రము కొంచెము తెలివిగలవానిని చూడవలెను. వాడు నాలుగు భాషలలో సేనానిని ఏమార్చి, అయిదవదానిలో తనవారిని పిలువవలసి యుండును.