బోర్డు మారినా బాకీ మారదు

సోమశిల: సరుకు ముందు, సొమ్ము తర్వాత అన్న పద్ధతి ఆత్మకూరు, ఉదయగిరి వైపు బేరాలకు కొత్త కాదు. పుట్ల లెక్కన ధాన్యం తోలిన వర్తకునికి కొనుగోలుదారు బిల్లు మీద ఒకనాడు కొత్త కంపెనీ పేరు కనిపిస్తే వచ్చే సందేహం ఒక్కటే: పాత బాకీ ఎవరిస్తారు?

జవాబు సూటిగానే ఉంది. అదే కంపెనీ ఇవ్వాలి. 2013 కంపెనీల చట్టం 13వ సెక్షన్ ప్రకారం పేరు మార్పుకు వాటాదారుల ప్రత్యేక తీర్మానం, ప్రభుత్వ అనుమతి కావాలి. రిజిస్ట్రారు కొత్త సర్టిఫికెట్ ఇచ్చాకే మార్పు చెల్లుతుంది. వార్షిక లెక్కలు దాఖలు చేయని కంపెనీకి ఆ అవకాశం లేదు. పేరు మారినా హక్కులు, అప్పులు, కోర్టు దావాలు చెక్కుచెదరవని 1956 చట్టం 23వ సెక్షన్ విడమరచి చెప్పింది. కొత్త చట్టంలో ఆ వాక్యం లేకున్నా సూత్రం మారలేదు.

నెల్లూరు జిల్లా వర్తకులకు ఉదాహరణలు దగ్గరలోనే ఉన్నాయి. 2020లో చేతులు మారిన కృష్ణపట్నం పోర్ట్ కంపెనీ తర్వాత అదానీ కృష్ణపట్నం పోర్ట్ అయింది. నూనెల వ్యాపారంలోని అదానీ విల్మర్ 2025లో ఏడబ్ల్యూఎల్ అగ్రి బిజినెస్ అయింది. రెండింటా యజమాన్యం వాటాలు మారాయి, పేరూ మారింది. కంపెనీ మాత్రం అదే.

రుచి సోయా సంగతి జాగ్రత్తగా చూడాలి. 2022లో అది పతంజలి ఫుడ్స్ అయింది. అంతకుముందే దివాలా ప్రక్రియలో పడగా, 2019లో ట్రిబ్యునల్ ఆమోదించిన ప్రణాళిక కింద ఋణదాతలు బాకీలో పెద్ద భాగం వదులుకున్నారు. అప్పు కరిగింది దివాలాలో, పేరు మార్పులో కాదు. బోర్డును నమ్మకూడదనడానికి సత్యం మరో సాక్ష్యం. 2009 నుంచి మహీంద్రా సత్యం అని పిలిచినా, 2013లో టెక్ మహీంద్రాలో విలీనమయ్యేదాకా రిజిస్టరులో ఉన్నది సత్యం కంప్యూటర్ సర్వీసెస్ పేరే.

అసలు ప్రమాదం వేరు. అదే కొట్టు, అదే గుమాస్తా, అదే ఫోను ఉండి, లోపల పుట్టినది మరో కొత్త కంపెనీ అయితే అది పేరు మార్పు కాదు. పాత కంపెనీ బాకీ కొత్తదానికి దానంతట అది అంటదు. తేడా పట్టుకోవడానికి వకీలు అక్కర్లేదు. జీఎస్‌టీ నంబరులో 3వ అక్షరం నుంచి 12వ అక్షరం వరకు ఉండేది పాన్. పాత బిల్లులోనూ కొత్త బిల్లులోనూ అది ఒకటైతే మనిషి ఒకడే. కంపెనీ గుర్తింపు సంఖ్యలోని 21 అక్షరాలలో 9 నుంచి 12 వరకు ఉండేది కంపెనీ పుట్టిన సంవత్సరం. పాతికేళ్ళ కంపెనీ అని చెప్పుకునేవారి సంఖ్యలో నిరుటి సంవత్సరం ఉంటే సరుకు ఆపి అడగవలసిందే. పేరు మారిన రెండేళ్ళ వరకు బిల్లులు, ఉత్తరాల మీద పాత పేరు కూడా ఉండాలన్నది 12వ సెక్షన్. అది లేని బిల్లును తిప్పి పంపడం వర్తకుని హక్కుగా భావించాలి. బాకీ నిల్వకు కొత్త పేరుతో, పాత పేరు ప్రస్తావనతో, సంతకం చేసిన ఉత్తరం తీసుకోవడం కాలపరిమితి దృష్ట్యానూ మంచిది.

అయితే భారమంతా అమ్మేవాడి మీదే ఉంచడం న్యాయం కాదు. రిజిస్టర్డు ఆఫీసును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చాలంటే కంపెనీ ప్రతి ఋణదాతకూ రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి, స్థానిక భాషా పత్రికలో ప్రకటన వేయాలి. పేరు మార్పుకు ఆ నిబంధన లేదు. చిరునామా మారితే చెప్పవలసినవారు పేరు మారితే చెప్పనక్కరలేదనడం విడ్డూరం. ఖర్చు పెరుగుతుందని కంపెనీలు అనవచ్చు. కానీ కొత్త బోర్డులు, కొత్త సంచులు అచ్చు వేయించే కంపెనీకి తపాలా ఖర్చు బరువు కాదు.

ఈ నోటీసును తప్పనిసరి చేయాలని వర్తక సంఘాలు కేంద్రాన్ని కోరాలి. అది వచ్చేలోగా అరువు బేరంలో చూడవలసింది బోర్డును కాదు, నంబరును.