కుంపటి, బకెట్టు, మూసిన తలుపు

మార్గశిరం ప్రవేశించగానే మన వసతిగృహం గోడమీద ఒక నోటీసు వెలుస్తుంది. గదులలో నీళ్ళు కాచే రాడ్లు, ఎలక్ట్రిక్ స్టౌలు వాడరాదనీ, పట్టుబడినవాటిని తిరిగి ఇవ్వబోమనీ దాని సారాంశం. పైన ఉర్దూలో, క్రింద తెలుగులో ఉంటుంది. తెలుగు భాగంలోని తప్పులను దిద్దే భాగ్యం ఒకటి రెండు సంవత్సరాలు మాకే దక్కింది గనుక ఆ నోటీసును మేము శ్రద్ధగానే చదివాము. చదివినకొద్దీ మాలో కలిగిన సందేహాన్ని విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచటమే ఈ వ్యాసోద్దేశం.

మన దేశంలో చలి ఎంత, ఇదేమైనా కాశ్మీరమా అని కొందరు చప్పరిస్తారు. ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతాలనుండి వచ్చిన విద్యార్థులను అడిగితే వారు సమాధానం చెప్పగలరు. అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు జారిన రాత్రులు కలవు. తూర్పు కనుమలలో సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి చలి సంగతి సరేసరి. అయితే మా దృష్టిలో అసలు ప్రమాదం చలి ఎక్కువ కావటంలో లేదు, తక్కువ దినాలు ఉండటంలోనే ఉన్నది. చలిదేశాలవారు ఇల్లు కట్టేటప్పుడే నిప్పుకు తావు, పొగకు దారి ఏర్పరచుకొంటారు. మనము ఎండాకాలాన్ని తలచుకొని ఇళ్ళు కట్టుకొంటాము. ఆపైన నలభై దినాల చలికోసం, పొగగొట్టం లేని గదిలోకి నిప్పును తెచ్చి, తలుపు మూస్తాము.

నిప్పు లేనిదే పొగ రాదు అన్న సామెత మనకు తెలిసినదే. కాని పొగ రాని నిప్పు కూడా ఉన్నదనీ, అదే ఎక్కువ ప్రాణాంతకమనీ చెప్పే సామెత మనకు లేదు. బొగ్గులు ఎర్రగా రాజుకొని పొగ తగ్గగానే, ఇక భయం లేదని కుంపటిని లోపలికి తెచ్చుకోవటం పరిపాటి. గాలి చాలని చోట కణకణలాడే బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటిని మండించదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా ఆసక్తితో ఈ వాయువును పట్టుకొంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, కాళ్ళు తేలిపోవటం, పిదప మగత. మనిషి దానిని నిద్ర అనుకొంటాడు.

ఇది పుస్తకంలో చదివి వ్రాస్తున్నది కాదు. మేము ఎం.ఏ. చదువుతున్న రోజులలో విశ్వవిద్యాలయం సమీపాన మరి ఇద్దరు మిత్రులతో ఒక అద్దె గదిలో ఉండేవారము. పుష్యమాసంలో ఒక రాత్రి ఇనుప తట్టలో బొగ్గులు రాజేసి మంచాలమధ్య పెట్టుకొన్నాము. కిటికీ సందులలో పాత ప్రశ్నపత్రాలు కుక్కినది మేమే; ఆ పనికి మిత్రులు మెచ్చుకొన్నారు కూడా. ఫజర్ నమాజుకు లేచే అలవాటున్న మిత్రుడొకడు వేళకు లేచాడు, గడియ తీశాడు, గడపమీదనే కూలిపోయాడు. అతని దేహం తలుపును తెరచి పట్టింది. చల్లగాలి లోపలికి రాబట్టి మిగిలిన మేమిద్దరమూ కళ్ళు తెరిచాము. లేవబోతే మోకాళ్ళు నిలబడలేదు. ఆ ఉదయం అతనికి మెలకువ రాకపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

సాహిత్య విద్యార్థులు ఎమిల్ జోలా పేరు విని ఉంటారు. 1902 సెప్టెంబరులో ఆ ఫ్రెంచి నవలాకారుడు పారిస్‌లోని తన పడకగదిలో, పొగగొట్టం సరిగా పనిచేయక ఈ వాయువు సోకి మరణించాడు. భార్య బ్రతికి బయటపడింది. పొగగొట్టం ఉన్న ఇంటిలోనే అట్లు జరిగినప్పుడు, అసలది లేని మన గదుల మాట ఏమిటి?

మరి మన ఇండ్లలో బాలింత గదిని తలచుకోండి. గాలి సోకుతుందని కిటికీలు బిగిస్తారు, మంచం క్రింద కుంపటి పెడతారు, సాంబ్రాణి వేస్తారు. మా ఇండ్లలో దానినే అంగీఠీ అంటారు, లోబాన్ అంటారు; పేరు మారినా మూసిన తలుపు మారదు. పెద్దలను ఎదిరించమని మేము చెప్పము. నానీమా కోపగించుకొన్నా సరే, ఒక కిటికీ రెక్క ఓరగా తెరచి, తల్లీబిడ్డలు నిద్రపోయే వేళకు కుంపటిని బయట పెట్టించటం చదువుకొన్న పిల్లల పని. స్నానాల గదిలో బిగించిన గ్యాసు గీజరుకు కూడా ఇదే న్యాయం.

ఇక నోటీసు విషయం. నిషేధం వలన రాడ్లు పోలేదు, మంచాల క్రిందికి చేరాయి. తనిఖీ భయంతో తలుపు గడియ వేసి నీళ్ళు కాచేవానికి షాకు తగిలితే చూచే దిక్కు ఉండదు. మరొకటి మేము కన్నులారా చూచాము: ప్లగ్గు లేని తీగల కొసలను సాకెట్టులో దోపి అగ్గిపుల్లలతో బిగించటం! 1500 వాట్ల రాడ్డు 230 వోల్టులమీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫ్యానుకోసం పెట్టిన చిన్న సాకెట్టు అంత భారానికి తగినది కాదు. ఎర్త్ తీగ కలపని రాడ్డు, ఇనుప బకెట్టు, నీరు వేడెక్కినదా లేదా అని ముంచే వ్రేలు, ఈ మూడూ కలిస్తే చాలు. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసిన తర్వాతనే నీటిని తాకాలి. షాకు తగిలినవానిని ముందుగా చేతితో లాగరాదు, మెయిను ఆపాలి.

తెల్లవారుజామున వజూకు, స్నానానికి గోరువెచ్చని నీరు కోరటం విలాసమా? దారి చూపకుండా వద్దనటం మాత్రమే నేర్చిన నోటీసును పిల్లలు గౌరవించరు. తీగలు పరీక్షింపించి, కరెంటు 30 మిల్లీ ఆంపియర్ల మేర నేలలోకి జారగానే సరఫరాను తెంచివేసే బ్రేకరు అంతస్తుకొకటి బిగించండని కమిటీని కోరుతున్నాము. మేడమీద సూర్యరశ్మితో నీరు కాచే యంత్రానికి నిధులు లేవంటారు, నిజమే కావచ్చు. అంతవరకు ఉపాయం మన వంటశాల వెనుకనే ఉన్నది. వార్షికోత్సవంనాడు బిర్యానీ వండే పెద్ద దేగ్ మిగిలిన రోజులలో అక్కడ బోర్లించి ఉంటుంది. వంటమనిషి నాలుగు గంటలకే పొయ్యి వెలిగిస్తాడు. ఆరుబయట, రెండవ పొయ్యిమీద ఆ దేగ్ నిండా నీరు పెట్టించటానికి రెండు నెలలకు కట్టెల ఖర్చు ఎంతవుతుందో అతనినే అడిగాము. లెక్క వ్రాసిన కాగితం మా వద్ద ఉన్నది, సమావేశంలో సమర్పిస్తాము.