చట్రం లేకున్నా కొలత తప్పదు

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయ్, రైలు పట్టాలు తయారుచేసే ఊరు. అక్కడ మిల్లీమీటరు తేడాకూ లెక్కుంటుంది. మరి అదే ఊళ్లో పెళ్లి ఊరేగింపులో వరుణ్ణి మోసే గుర్రం వీపుకు లెక్క చూసేదెవరు?

మామూలు జీను లోపల చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన గట్టి చట్రం ఉంటుంది. 'ట్రీలెస్' జీనులో అది ఉండదు. మెత్తగా వంగుతుంది కాబట్టి ఏ గుర్రానికైనా అమరుతుందని, నిపుణుడితో పనిలేదని దాన్ని మెచ్చేవారి వాదన.

అందులో నిజం సగమే. రౌతు బరువును వెన్నెముకకు రెండు పక్కలా పరిచేది ఆ చట్రమే. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు రెండు రకాలనూ పోల్చి 2012లో ఫలితాలు ప్రచురించారు. ట్రీలెస్ జీను కింద బరువు తక్కువ మేర పరుచుకుని, ఒత్తిడి ఎక్కువైనట్టు తేలింది. బరువైన వరుడు గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ ఒత్తిడికి విరామం కూడా ఉండదు.

అందుకే నిపుణుడు చూస్తే మేలు. అతడు దొరకని ఊళ్లో యజమానే చూసుకోవాలి. జీను కింద వేసే మెత్త వెన్నుపూసను నొక్కకూడదు. జీను తీశాక చెమట మరక రెండు వైపులా ఒకేలా ఉండాలి. మధ్యలో పొడి మచ్చలున్నా, తాకితే గుర్రం వీపు ముడుచుకున్నా అమరిక తప్పినట్టే అనుమానించాలి. అక్కడే తెల్లవెంట్రుకలు మొలిస్తే పాత గాయానికి గుర్తు.

పుండు పడిన జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. అయితే ఆ నిబంధన అడిగేది పుండు పడ్డాకే. అంతకుముందే వీపు తడిమి చూడాల్సింది యజమాని.