వేడిమి ఒక్కటే, గండములు వేరు

భూగోళము వేడెక్కుచున్నదన్న సంగతి నేడు పాఠశాల విద్యార్థులకును తెలిసినదే. అయితే ఆ వేడిమి ప్రాణులన్నిటిని సమముగా బాధింపదు. ఏది నిలుచునో, ఏది నశించునో నిర్ణయించుటలో ప్రాణి యొక్క శరీరధర్మమునకును, జీవితక్రమమునకును పెద్ద పాలు కలదు. యుగములుగా ఒక జాతిని కాపాడిన గుణమే నేడు దానికి గండమగుచున్నది.

ఆస్ట్రేలియాకు ఉత్తరమున టారెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అను చిన్న ఇసుకదిబ్బ కలదు. ప్రపంచమున మరెక్కడను లేని ఒక ఎలుకజాతి అచ్చట నివసించెడిది. మాటిమాటికి పైకెక్కిన సముద్రపు పోట్లు దాని ఆహారమైన మొక్కలను తుడిచిపెట్టినవి. వలసపోవుటకు దానికి వేరొక నేల లేదు. ఆ జాతి అంతరించినదని 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ప్రకటించినది.

ఉత్తర అమెరికాలోని ఒక కుందేటిజాతి కథ వేరు. చలికాలమున దాని బొచ్చు తెల్లబడును; వేసవిలో గోధుమవన్నెకు మారును. ఈ మార్పు పగటి నిడివిని బట్టి జరుగును. మంచు ఆలస్యముగా కురిసి త్వరగా కరగిపోవు సంవత్సరములందు తెల్లని కుందేలు మట్టినేలపై శత్రువు కంటబడును.

ఇక శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములకు వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేటిని చూడుడు. దాని గ్రుడ్డులోని పిల్ల ఆడదియో మగదియో నిర్ణయించునది ఇసుక వేడిమి. సుమారు 29 డిగ్రీల వద్ద రెండును దాదాపు సమముగా పుట్టును. అంతకు 2, 3 డిగ్రీలు పెరిగిన యెడల పుట్టునవి ఇంచుమించు అన్నియు ఆడవే. మరియు పెరిగిన, గ్రుడ్లే చెడును. ఇట్టి స్థితి ఒకచోట ఇప్పటికే కానవచ్చినది. ఉత్తర గ్రేట్ బారియర్ రీఫ్ ప్రాంతపు తీరములలో పుట్టిన ఆకుపచ్చ తాబేళ్ల లేతవాటిలో నూటికి 99 ఆడవని 2018లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

తాబేళ్లు పూర్వము ఎన్నో వాతావరణ మార్పులను దాటి రాలేదా యని అడుగవచ్చును. వచ్చినవి, కాని నాటి మార్పులు సామాన్యముగా మెల్లగా సాగినవి. యుక్తవయస్సునకు వచ్చుటకే పదేండ్లకు పైబడి పట్టు ప్రాణికి నేటి వేగమును అందుకొనుట కష్టము.

కావున రక్షణోపాయము ప్రాణి స్వభావము నెరిగి చేయవలసినది. ఆంధ్రతీరమున అటవీశాఖవారును, స్వచ్ఛంద సేవకులును గ్రుడ్లను సేకరించి, సురక్షితస్థలమున పొదుగనిచ్చి, పిల్లలను కడలిలోనికి విడుచుచున్నారు. ఈ కృషి శ్లాఘనీయము. అయితే నీడలేని ఇసుకలో వేయి పిల్లలు పుట్టినను, అవి యన్నియు ఆడవే యైనచో లెక్క నిండును గాని వంశము నిలువదు. తీరగ్రామముల ఉపాధ్యాయులు అటవీశాఖ అనుమతితో విద్యార్థులచే ఆ ఇసుక వేడిమిని దినదినము కొలిపింపవచ్చును. ఎన్ని పిల్లలు పుట్టినవను లెక్క ప్రక్కన, ఎంత వేడిలో పుట్టినవను లెక్కయు ఉండవలెను.